రాగి తీగకీ కృష్ణబిలానికీ ఏం సంబంధమన్న నాన్నకి ఏం చెప్పాలి?

ఈసారి ఉత్తరం నాలుగు పేజీలది. పేరు, ఊరు, చదువుతున్న సంస్థ వేయొద్దని రాసినమ్మాయి కోరింది. ఆ మూడూ తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె సిద్ధాంత భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ నాలుగో ఏడు చేస్తోంది. నాన్నకి ఒక మండల కేంద్రంలో మోటార్ రివైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, కొత్త కాపర్ వైరు చుట్టి, వార్నిష్ పట్టించి ఇస్తాడు. ఆ షాపు మీదే ఇద్దరు పిల్లలూ చదువుకున్నారు. ఆమె పని ఏమిటంటే, రాగి ఆక్సైడ్ల లాంటి వింత లోహాల్లో కరెంటు ఎలా పారుతుందో తెలుసుకోవడానికి, ఒక డైమెన్షన్ ఎక్కువున్న ఊహాలోకంలో చార్జ్ ఉన్న కృష్ణబిలం సమీకరణాలు సాధించడం. దీన్నే హోలోగ్రఫీ అంటారు. సంక్రాంతికి ఇంటికెళ్తే నాన్న అడిగాడట: "వైరేమో నా చేతిలో ఉంది. కృష్ణబిలమేమో ఆకాశంలో ఉంది. రెండింటికీ ఏం సంబంధమే?" పావుగంట చెప్పింది. ఆయన తలూపాడు. "ఆయనకి అర్థం కాలేదని బాధ లేదు మాస్టారూ. చెబుతున్నంతసేపూ నాకే నమ్మకం కలగలేదు" అని రాసింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆమె దగ్గర ఒక పేపర్ సిద్ధంగా ఉంది. ఆమె నమూనాలో నిరోధం ఉష్ణోగ్రతతో పాటు సూటిగా, గీత గీసినట్టు పెరుగుతుంది. వింత లోహాల్లోనూ అంతే. "రాగి ఆక్సైడ్ల నిరోధానికి వివరణ" అని శీర్షిక పెట్టి పంపుదామని గైడ్ అంటున్నాడు. సెమినార్‌లో ఆ గ్రాఫ్ చూపించినప్పుడు ప్రయోగాలు చేసే సీనియర్ ఒకతను, "ఈ గీత సూటిగా రావడానికి ఎన్ని నాబ్‌లు తిప్పావు?" అని అడిగాడు. అందరూ నవ్వారు. ఆమెకి నవ్వు రాలేదు, ఎందుకంటే నిజంగానే తిప్పింది. ఘాతాంకాలు మార్చి మార్చి, వెతికి వెతికి, గీత సూటిగా వచ్చిన చోట ఆగింది. ఫెలోషిప్ ఇంకో ఏడాదీ నాలుగు నెలలు. అన్నయ్య సాఫ్ట్‌వేర్‌కి వచ్చేయమంటున్నాడు. అమ్మ సంబంధాల మాట ఎత్తుతోంది. ఆమె ప్రశ్నలు రెండు: "నేను చేస్తున్నది మోసమా? సబ్జెక్ట్ మార్చుకోవాలా?"

అమ్మాయీ,

ముందు నా సంగతొకటి చెబుతాను, నన్ను మాస్టారూ అన్నావు కాబట్టి. 1987లో నేను విద్యార్థిని. ముందటేడు జ్యూరిక్‌లోని ఐబీఎం ల్యాబ్‌లో బెడ్నోర్జ్, ముల్లర్ రాగి ఆక్సైడ్‌లో సూపర్ కండక్టివిటీ కనిపెట్టారు. 1987 మొదట్లో 93 కెల్విన్ దగ్గరే నిరోధం పోయే ఇట్రియం పదార్థం వచ్చింది. లిక్విడ్ నైట్రోజన్ మరిగేది 77 కెల్విన్ దగ్గర, అంటే చల్లబరచడానికి అదే సరిపోతుంది. అంటే ఖరీదైన హీలియం లేని మాలాంటి ల్యాబులకి కూడా తలుపు తెరుచుకుంది. పొడులు నూరడం, బిళ్ళలు నొక్కడం, కొలిమిలో కాల్చడం, సిల్వర్ పేస్ట్‌తో నాలుగు వైర్లు అతికించడం, రాత్రంతా రీడింగులు. బిళ్ళ చల్లబడేకొద్దీ నిరోధం స్కేలు పెట్టి గీసినట్టు దిగుతుంది, ఆపైన ఒక్కసారిగా పడిపోతుంది. నా గ్రాఫ్‌లో నాలుగు చుక్కలు మాత్రం గీతకి పక్కన పడ్డాయి. కాంటాక్ట్ వదులైందని వాటిని తీసేశాను. మా గైడ్ చూసి ఒకటే అడిగారు: "కాంటాక్ట్ వదులైందని గీత చూడకముందు తెలిసిందా, చూశాక తెలిసిందా?" చూశాకే. ఆ నాలుగు చుక్కలూ తిరిగి గ్రాఫ్‌లోకి వచ్చాయి.

మీ సీనియర్ అడిగింది అచ్చంగా అదే ప్రశ్న. అందరి ముందు, కాస్త ఎకసెక్కంగా అడిగాడు, అది అతని సంస్కారం. ప్రశ్న మాత్రం మంచిది. నాబ్ తిప్పడం మోసం కాదు. తిప్పామని చెప్పకపోవడం దగ్గర మోసం మొదలవుతుంది. నువ్వింకా చెప్పడమా మానడమా అన్న గుమ్మం దగ్గరే ఉన్నావు, దాటలేదు. కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు: ఇప్పటికి కాదు.

ఇక నాన్నగారి ప్రశ్నకి వద్దాం. నీ పేపర్ చిక్కు కూడా దాన్లోనే ఉంది.

రాగి సంగతి నీకన్నా ఆయనకే బాగా తెలుసు. మోటార్ చల్లగా ఉన్నప్పుడు కాయిల్ నిరోధం ఒక రీడింగ్, నడిచి వేడెక్కాక ఇంకో రీడింగ్. డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది, యాభై డిగ్రీలు వేడెక్కితే ఇంచుమించు ఇరవై శాతం. ఆ తేడా చూసి వైండింగ్ లోపల ఎంత వేడెక్కిందో చెప్పొచ్చు. అంటే నాన్నగారి రాగి కూడా సూటి గీతే! దీన్ని నీ ఉత్తరంలో నువ్వెక్కడా ప్రస్తావించలేదు. ఉష్ణోగ్రతతో సూటిగా పెరగడం దానంతటది వింత కాదు. రాగిలో దానికి మామూలు కారణమే ఉంది. వేడికి అణువులు ఊగుతాయి, ఎలక్ట్రాన్లు ఆ ఊపుకి తగిలి చెదురుతాయి, వేడి రెట్టింపైతే ఊపూ, చెదరడమూ రెట్టింపు. అదే రాగిని బాగా చల్లబరిస్తే ఆ ఊపు గడ్డకట్టుకుపోతుంది. గీత వంగి, నిరోధం గబగబా దిగి, చివరికి మలినాల దగ్గర చదునవుతుంది.

రాగి ఆక్సైడ్లలో వింత ఏమిటంటే ఆ వంపు రాకపోవడం. 1990లో బిస్మత్ ఉన్న ఒక రాగి ఆక్సైడ్ మీద చేసిన కొలతల్లో గీత సుమారు 10 కెల్విన్ నుంచి 700 దాకా సూటిగా సాగింది. అణువుల ఊపు కారణమైతే అంత చలిలో వంగి తీరాలి. అటు పైనా చిక్కే. 1987లోనే బెల్ ల్యాబ్స్‌లో గుర్విచ్, ఫయరీ మరో రాగి ఆక్సైడ్‌ని వెయ్యి కెల్విన్ దాటించి కొలిస్తే అక్కడా గీత చదునవలేదు. అంత నిరోధం ఉందంటే, ఎలక్ట్రాన్‌ని ఎగిరే బంతిలా ఊహించి లెక్క వేస్తే, రెండు తాకిడుల మధ్య అది ఒక అణువంత దూరం కూడా వెళ్లడం లేదన్నమాట. అడుగు వేయకుండానే పడిపోయేవాణ్ణి నడుస్తున్నాడని ఎలా అంటాం? బంతి అన్న ఊహే అక్కడ చెల్లలేదు.

ఇది నాన్నగారికి కోటప్పకొండ తిరునాళ్లతో చెప్పు. మామూలు లోహం అంటే రోడ్డు మీద స్కూటర్లు. ఒక్కో బండీ విడిగా కనిపిస్తుంది, ఎవరు ఎవర్ని గుద్దారో చెప్పొచ్చు. వింత లోహం అంటే శివరాత్రి నాడు ప్రభల దగ్గర జనం. అక్కడ "నేను నడుస్తున్నాను" అనడానికి లేదు. జనమంతా ఒక నీటిముద్దలా కదులుతుంది, మనం అందులో పోతాం. 2023లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇటర్బియం, రోడియం, సిలికాన్ కలిసిన వింత లోహంతో చేసిన సన్నటి తీగలో కరెంటు చప్పుడు, అంటే కరెంటులోని చిన్న చిన్న హెచ్చుతగ్గులు, కొలిచారు. చార్జ్ విడివిడి గింజలుగా వస్తే రేకుల కప్పు మీద వడగళ్లలా ఒక చప్పుడుండాలి. మామూలు లోహానికి ఉండాల్సినదానికన్నా బాగా తక్కువ వచ్చింది. అంటే అక్కడ పారేది గింజల్లా ప్రవర్తించడం లేదు.

మరి గింజలే లేని పదార్థానికి లెక్క ఎలా వేయాలి? మన పాఠ్యపుస్తకాలన్నీ గింజలతోనే మొదలవుతాయి. కృష్ణబిలం అవసరం ఇక్కడే పడింది. 1997లో హువాన్ మాల్డసేనా చూపించిన సంబంధం ప్రకారం, విపరీతంగా పెనవేసుకున్న కొన్ని క్వాంటమ్ వ్యవస్థల లెక్కని, ఒక డైమెన్షన్ ఎక్కువున్న లోకంలో గురుత్వాకర్షణ లెక్కగా మార్చుకోవచ్చు. ఇక్కడ చెయ్యలేని లెక్క అక్కడ చేతికి అందుతుంది. ఇటువైపు వేడి అటువైపు కృష్ణబిలం హాకింగ్ ఉష్ణోగ్రత. ఇటువైపు చార్జ్ అటువైపు కృష్ణబిలం చార్జ్. ఇటువైపు నిరోధం అంటే, అటువైపు క్షితిజం (దాటితే తిరిగి రాలేని కృష్ణబిలం అంచు) దగ్గర కరెంటు ఎంత సులువుగా మింగుడుపడుతుందన్నది. 2014లో డోనోస్, గాంట్లెట్ చూపించినట్టు, డీసీ నిరోధం కోసం లోపలి సమీకరణాలన్నీ సాధించనక్కర్లేదు, క్షితిజం మీద చదివితే చాలు. మల్టీమీటర్ ప్రోబులు నేరుగా క్షితిజానికే పెట్టినట్టు! నాన్నగారికి ఈ మాట నచ్చుతుంది చూడు.

ఆకాశంలోని కృష్ణబిలానికీ ఆయన వైరుకీ సంబంధం లేదు. అది ముందే ఒప్పుకో. ఇది లెక్క కోసం కట్టుకున్న కృష్ణబిలం. ఏ రాగి ఆక్సైడ్‌కైనా "ఇదిగో దీని కృష్ణబిలం ఇది" అని ఇంతవరకు ఎవరూ చూపలేదు. మాల్డసేనా సంబంధం బాగా పనిచేసే వ్యవస్థల్లో ఒక్కో బిందువు దగ్గరా లెక్కలేనన్ని క్వాంటమ్ రకాలుంటాయి. అసలు పదార్థంలో ఉండేది ఒక ఎలక్ట్రాన్, దాని రెండు స్పిన్నులు. ఈ దూరం చిన్నది కాదు. 2013లో నోబెల్ గ్రహీత ఫిలిప్ ఆండర్సన్ అంతటివాడు ఈ పద్ధతిని గట్టిగా విమర్శించాడు. కాబట్టి అనుమానం వచ్చినందుకు సిగ్గుపడకు. అది రాకపోతేనే నేను కంగారుపడేవాణ్ణి.

మరి ఇంత దూరముంటే దీనివల్ల ఉపయోగమేమిటని నువ్వే అడగొచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణకి కరెంటు తీగతో పని లేదు, ద్రవాలది. 2008లో రెండు బృందాలు చార్జ్ ఉన్న కృష్ణబిలాల మీద లెక్క వేశాయి. ఒకదాన్లో ముంబైలోని పరిశోధనా సంస్థ టీఐఎఫ్‌ఆర్ వాళ్లున్నారు. ఆ కృష్ణబిలాలకి జోడీగా ఉండే ద్రవంలో, సుడి తిరిగితే ఆ సుడి అక్షం వెంట కరెంటు పారుతుందని తేలింది. ద్రవాల పాఠ్యపుస్తకాల్లో అలాంటి పదమే లేదు. ఏదో తప్పు జరిగిందనుకోవచ్చు. 2009లో సొన్, సురూవ్కా కృష్ణబిలం ఊసే లేకుండా, క్వాంటమ్ సిద్ధాంతంలోని అనామలీ (మామూలు లెక్కలో నిలిచే ఒక నిత్యత్వ నియమం క్వాంటమ్ లెక్కలో చెడడం), థర్మోడైనమిక్స్ రెండో నియమం పట్టుకుని, ఆ పదం ఉండి తీరాలని నిరూపించారు. పుస్తకాల్లో అన్నేళ్లుగా లేని పదాన్ని కృష్ణబిలం చూపించింది, ఆపైన దాని సాయం అక్కర్లేకుండా అది నిలబడింది. హోలోగ్రఫీ నుంచి అడగాల్సింది ఇది. ఫలానా బిళ్ళ నిరోధం ఎన్ని ఓమ్‌లు అని దాన్నడిగితే ఏం చెబుతుంది?

స్నిగ్ధత, అంటే ద్రవం చిక్కదనం, దాని కథా ఇలాంటిదే. స్నిగ్ధతని ఎంట్రోపీ (గజిబిజికి కొలత) సాంద్రతతో భాగిస్తే, ఈ కృష్ణబిలాలన్నిటికీ ప్రకృతి ప్రమాణాల్లో ఒకటే జవాబు, సుమారు 0.08. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ యంత్రంలో బంగారు కేంద్రకాలు ఢీకొన్నప్పుడు పుట్టే ద్రవానికి కట్టిన అంచనాలు దీనికి కొద్ది రెట్లలోనే ఉన్నాయి. అచ్చంగా అదే ద్రవం కాకపోయినా కొలత మాత్రం ఆ దరిదాపుల్లోనే ఉంది.

ఇప్పుడు నీ గ్రాఫ్.

నీ నమూనాలో ఏది నువ్వు పెట్టింది, ఏది దానంతటది వచ్చింది? దీన్నొక కాగితం మీద రెండు వరసలుగా రాయి. చాలామంది ఈ పని చెయ్యరు. చేస్తే ఏమవుతుందో చెబుతాను. జనం కథలో ఒక సంగతి దాచాను. జనమంతా కలిసి కదులుతుంటే, ఒకర్నొకరు ఎంత తోసుకున్నా మొత్తం జోరు, అంటే ద్రవ్యవేగం, తగ్గదు. తగ్గాలంటే బయటి స్తంభమో, కటకటాలో అడ్డుండాలి. అందుకే తొలి హోలోగ్రఫీ నమూనాల్లో డీసీ వాహకత అనంతం వచ్చేది, ద్రవ్యవేగం పోవడానికి దారే లేదు. ఆ దారి కోసం రకరకాల అడ్డంకులు కట్టారు. వాటిలో అతి సులువైనది ఆండ్రాడే, విథర్స్ కట్టినది. నువ్వు మొదలుపెట్టింది కూడా దాంతోనే అని రాశావు. రెండు డైమెన్షన్ల పదార్థానికి ఆ నమూనా జవాబు నీకు తెలుసు: రసాయన విభవం (చార్జ్ ఎంత ఉండాలో తేల్చే నాబ్) మార్చకపోతే వాహకత ఉష్ణోగ్రతతో మారనే మారదు! సూటి గీత కాదు గదా, అసలు వాలే లేదు. వాలు కావాలని నువ్వు డైలటాన్ అనే అదనపు క్షేత్రం చేర్చావు. దాని ఘాతాంకాలు తిప్పావు. కాబట్టి నీ కాగితం మీద "సూటి గీత" అన్న మాట ఎడమ వరసలో, అంటే "పెట్టినవి" కింద పడుతుంది. ఇది చేదుగా ఉంటుంది. కానీ రాయి.

అంతమాత్రాన కుడి వరస ఖాళీ అనుకోకు. డేవిసన్, షాల్మ్, జానెన్ చేసిన పని గుర్తుందా? అడ్డంకులు బలహీనంగా ఉన్నప్పుడు ఆ ద్రవం జోరు ఎంత వేగంగా పోతుందన్నది స్నిగ్ధత తేలుస్తుంది. స్నిగ్ధత ఎంట్రోపీకి కట్టుబడి ఉంటుంది. కాబట్టి నిరోధం ఎంట్రోపీ వెంట నడుస్తుంది. ఎంట్రోపీ ఉష్ణోగ్రతతో సూటిగా పెరిగితే నిరోధమూ అంతే. ఇక్కడ పెట్టింది ఒకటి, వచ్చింది వేరొకటి, మధ్యలో కారణం ఉంది. అది తప్పే కావచ్చు, కానీ పరీక్షించి చూడదగ్గ మాట. నీ నమూనాలోనూ ఎంట్రోపీ, నిరోధం జంటగా నడుస్తున్నాయా? ఉత్తరంలో రాయలేదు. పది నిమిషాల పని, ఈ రాత్రే చూడు.

ఇంకో జాగ్రత్త. ప్లాంకియన్ కాలంతో నీ లెక్క సరిపోయిందని రెండు చోట్ల ఉత్సాహంగా రాశావు. ప్లాంక్ స్థిరాంకాన్ని 2πతో, ఆపైన ఉష్ణశక్తితో భాగిస్తే వచ్చే కాలం అది. గది ఉష్ణోగ్రత దగ్గర 25 ఫెమ్టోసెకన్లు, సెకనుని కోటి కోట్ల ముక్కలు చేస్తే అందులో రెండున్నర. దీన్ని ప్లాంకియన్ కాలమని పేరుపెట్టి అందరి నోళ్లలో నానేలా చేసింది 2024లో పోయిన జానెనే. కానీ 2013లో సెయింట్ ఆండ్రూస్ బృందం ఒక జాబితా వేసింది. వింత లోహాలతో పాటు మామూలు రాగి, వెండి, బంగారం కూడా తమ సూటి గీత ఉన్నంతమేరా ఎలక్ట్రాన్లు చెదరడానికి ఇంచుమించు అదే కాలం చూపించాయి. అంటే నాన్నగారి వైండింగ్ వైరు కూడా ప్లాంకియనే, పైగా అక్కడ కారణం అణువుల ఊపు! ఈ ఒక్క అంకె కలిసిందని కృష్ణబిలం నిరూపణ అయిపోదు. ఆ వాక్యం పేపర్‌లో ఉంటే కొట్టెయ్.

ఇక నీ ముందున్న దారులు.

గైడ్ చెప్పిన శీర్షికతోనే పంపొచ్చు. అచ్చు కావచ్చు కూడా, అలాంటివి బోలెడు అచ్చయ్యాయి. నీకు కావలసిన పేపర్ల సంఖ్యా చేతికొస్తుంది, ఫెలోషిప్ చివర్లో అది చిన్న విషయం కాదు. చిక్కు తర్వాత వస్తుంది. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ఇంటర్వ్యూలో ఎదుట కూర్చునేవాళ్లలో ఒకరైనా మీ సీనియర్ లాంటివాడుంటాడు. ఈ రంగంలోనే ఒక కథ ఉంది. 2012లో హొరోవిట్జ్, సాంటోస్, టాంగ్ కృష్ణబిలానికి స్ఫటిక జాలకం కట్టి, ఏసీ వాహకత పౌనఃపున్యంతో మైనస్ మూడింట రెండు ఘాతంగా తగ్గుతుందని లెక్క తీశారు. రాగి ఆక్సైడ్లలో కొలిచింది దాదాపు అంతే. అందరూ ఎగిరి గంతేశారు. రెండేళ్లకి డోనోస్, గాంట్లెట్ అలాంటి జాలకాల మీదే లెక్క వేస్తే ఆ ఘాతం నిలబడలేదు. ఆ ముగ్గురికీ పరువేమీ పోలేదు, వాళ్ల పద్ధతి మంచిది కాబట్టి ఇవాళ్టికీ వాడుతున్నారు. కానీ వాళ్లలో పెద్దవాళ్లకి అప్పటికే స్థిరమైన ఉద్యోగాలూ పేర్లూ ఉన్నాయి. తొలి పేపర్ వేసుకునే పిల్లకి ఆ వెసులుబాటు ఉండదు.

రెండో దారి, అదే లెక్క ఉంచి మాట తగ్గించడం, దాంతో పాటు ఇంకో కొలత చేర్చడం. నాబ్‌లన్నీ నిరోధం దగ్గర బిగించేసి, ఇక ముట్టుకోకుండా, హాల్ కోణం, అంటే అయస్కాంత క్షేత్రంలో కరెంటు ఎంత పక్కకి ఒరుగుతుందన్నది, లెక్క వెయ్యి. రాగి ఆక్సైడ్లలో నిరోధం ఉష్ణోగ్రతతో సూటిగా పెరుగుతుంటే, హాల్ కోణం కోటాంజెంట్ మాత్రం ఉష్ణోగ్రత వర్గంతో పెరుగుతుందని 1991లో ప్రిన్స్‌టన్ కొలతలు చూపించాయి. ఒకే ఎలక్ట్రాన్ రెండు గడియారాలతో ఎలా నడుస్తుందన్నది పాత పొడుపుకథ. దీనికీ ఒక సూచన హోలోగ్రఫీ నుంచే వచ్చింది. 2014లో బ్లేక్, డోనోస్ వాహకతలో రెండు పాయలుంటాయనీ, హాల్ కోణానికి అందులో ఒకటే కనిపిస్తుందనీ అన్నారు. నీ నమూనా అలా చేస్తుందా? చెయ్యకపోవచ్చు. గుబ్సర్, రోచాల నమూనా నీదానికి దగ్గర చుట్టం. అది వింత లోహాల లక్షణాలన్నిటినీ ఒకేసారి పట్టలేదని 2023లో ఒక బృందం పేపర్ వేసింది, ఆ మాట శీర్షికలోనే పెట్టి మరీ. అంటే "సరిపోలేదు" అన్నది కూడా అచ్చవుతుంది. ఈ దారికి మూడు నాలుగు నెలలు పడుతుంది, శీర్షిక చప్పబడుతుంది, గైడ్ మొహం మాడొచ్చు.

గైడ్‌తో ఎలా మాట్లాడాలన్నది నీ అసలు టెన్షన్ అనిపిస్తోంది. "శీర్షిక తప్పు సార్" అనకు. అలా అంటే మాట శీర్షిక దగ్గరే ఆగిపోతుంది. "రిఫరీ హాల్ కోణం అడుగుతాడేమో సార్, ముందే వేసి ఉంచనా?" అను. ఆ గ్రాఫ్ వచ్చాక శీర్షిక సంగతి ఆయనకే తోచవచ్చు. తోచకపోతే మాత్రం, పెట్టినవి, వచ్చినవి అన్న పట్టిక పేపర్ లోపల ఉండాలని పట్టుబట్టు. శీర్షిక ఆయన మాట ప్రకారమే పోయినా, చదివినవాళ్లకి నాబ్‌లు కనిపిస్తాయి. ఆయన చెడ్డవాడని నీ ఉత్తరంలో నాకెక్కడా కనిపించలేదు, తొందరలో ఉన్నాడంతే. నువ్వు కూడా ఆయన్ని అలాగే చూస్తే మాట సులువవుతుంది.

మూడోది, పనిముట్టు మార్చడం. సచ్‌దేవ్, యె 1993లో మొదలుపెట్టి, 2015లో కితయేవ్ కొత్త ప్రాణం పోసిన నమూనాలున్నాయి. వాటిలో గింజలూ ఉండవు, పదార్థమూ మరీ ఊహాలోకంలో ఉండదు. 2023లో పటేల్, గువో, ఎస్టెర్లిస్, సచ్‌దేవ్ ఎలక్ట్రాన్ల మధ్య బలాలు చోటు చోటుకీ మారితే సూటి గీత దానంతటదే వస్తుందని చూపించారు. ప్రయోగాలవాళ్లు వీటిని కాస్త దగ్గరివాళ్లుగా చూస్తారు. నీకు లాభమేమిటంటే, ఆ నమూనాల చల్లటి కొసలో కనిపించే గణితం, నీ చార్జ్ ఉన్న కృష్ణబిలం క్షితిజం దగ్గర కనిపించే గణితం ఒకటే. ఊరు మారినట్టుండదు, పక్క వీధికి వెళ్లినట్టుంటుంది. కానీ ఏడాదీ నాలుగు నెలల్లో పూర్తిగా మారితే థీసిస్ రెండు పడవల మీద కాళ్లవుతుంది. ఇప్పుడు ఒక అధ్యాయానికి సరిపడా నేర్చుకుని, అసలు మారడం పోస్ట్‌డాక్‌లో పెట్టుకుంటే నష్టం తక్కువ. డిగ్రీ ఒక ఏడాది ఆలస్యమైనా ఫరవాలేదు, ఇంట్లో చూసుకుంటారు అంటే వేరే లెక్క. అది నీ ఇంటి లెక్క, నాకు తెలియదు.

నాలుగోది, అన్నయ్య దారి. దాన్ని నువ్వు ఓటమిలా రాశావు. ఎందుకో నాకర్థం కాలేదు. వంకర సమీకరణాలని కంప్యూటర్ మీద పదిహేను దశాంశాల దాకా సాధించే పిల్లకి బయట పని దొరుకుతుంది. కానీ ఇప్పుడు వదిలేసి వెళ్తే, మీ సీనియర్ ప్రశ్న వల్ల వెళ్లానన్న ముల్లు ఉండిపోతుంది. డిగ్రీ చేత్తో పట్టుకుని వెళ్తే ఉండదు. తేడా ఏడాదీ నాలుగు నెలలు. ఉండలేనంత కష్టంగా ఉంటే, రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే, ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ముందు వెళ్లిపో. అలాంటిదేమీ నువ్వు రాయలేదు కాబట్టి ఇలా చెబుతున్నాను. సంబంధాల మాట అమ్మతోనే తేల్చుకో, దాన్లో నన్ను దింపకు.

నన్నడిగితే రెండో దారి వైపే మొగ్గుతాను, మూడోదాని నుంచి ఒక అధ్యాయం కలుపుకుని. ఇది వయసైన ప్రయోగశాల మనిషి మొగ్గు, చుక్కలు దాచబోయి దొరికిపోయినవాడి మొగ్గు. దాన్ని అలాగే తూకం వేసుకో.

నాన్నగారికి ఫోన్ చేసినప్పుడు కృష్ణబిలంతో మొదలుపెట్టకు. "నాన్నా, కాయిల్ వేడెక్కితే రీడింగ్ ఎందుకు పెరుగుతుంది?" అని నువ్వే అడుగు. ఆయన చెబుతాడు. "ఎంత చల్లబరిచినా అలా సూటిగా తగ్గుతూనే ఉండే వైరుంటే?" అని అడుగు. "ఉండదే, ఎక్కడో ఆగాలిగా" అంటాడు. అంటే ఆయన నీ సబ్జెక్ట్‌లోకి వచ్చేసినట్టే. తిరునాళ్ల జనం అప్పుడు చెప్పు.

హాల్ కోణం గ్రాఫ్ వచ్చాక నాకో కాపీ పంపించు. గీత ఎటు పోయినా సరే, చుక్కలన్నీ ఉంచి.